న్యూజిలాండ్ మన ఇంటికొచ్చి 3-0 ఎలా కొట్టింది? తప్పు పిచ్‌దా, బ్యాట్‌దా?

నాన్‌స్ట్రైకర్:

2025 నవంబరులో దక్షిణాఫ్రికా మన దగ్గరికొచ్చి 2-0తో ఊడ్చేసి వెళ్ళిన దగ్గర్నుంచి మా హాస్టల్లో పాత పంచాయితీ మళ్ళీ లేచింది. 2024లో న్యూజిలాండ్ మన గడ్డ మీద మూడుకి మూడు ఎలా గెలిచింది? నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

వాళ్ళు వచ్చినప్పటి పరిస్థితి గుర్తుందా? మన దగ్గరికి రాకముందే శ్రీలంకలో 2-0 ఓడారు. గాలేలో ఒక ఇన్నింగ్స్‌లో 88కి ఆలౌట్. సౌథీ కెప్టెన్సీ వదిలేశాడు, లేథమ్ చేతికొచ్చింది. విలియమ్సన్ గజ్జల గాయంతో మూడు టెస్టుల్లో ఒక్కటీ ఆడలేదు. 1955 నుంచి వస్తున్నా అంతవరకు ఇక్కడ వాళ్ళు గెలిచినవి రెండే టెస్టులు, 1969లో నాగ్‌పూర్, 1988లో బొంబాయి. సిరీస్ అయితే ఒక్కటీ లేదు. మనమేమో 2012లో ఇంగ్లండ్ చేతిలో ఓడాక స్వదేశంలో వరసగా 18 సిరీస్‌లు గెలిచి కాలు మీద కాలేసుకుని కూర్చున్నాం.

మా రూమ్మేట్‌ది ఒకటే పాట: "వాళ్ళు గెలవలేదురా, మనం ఓడిపోయాం." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఒక టెస్టుకి ఆ మాట అన్నా సరే, మూడింటికీ అదేనా? రెండో టెస్టులో, పుణేలో, వాళ్ళ ఎడంచేతి స్పిన్నర్ శాంట్నర్ 13 వికెట్లు తీశాడు. అంతకుముందు టెస్టుల్లో ఒక్కసారి కూడా ఇన్నింగ్స్‌లో ఐదు తీయనివాడు! మనవాళ్ళు ఊరికే ఇచ్చేస్తే వచ్చే వికెట్లా అవి?

ఎప్పుడైనా స్పిన్ వేసినవాళ్ళు ఇక్కడుంటే కాస్త చెప్పండి. టీవీలో విన్నదే మళ్ళీ వద్దు ప్లీజ్.


ఎడంచేతివాటం:

బాబూ, నేనేం పేరున్న ఆటగాణ్ణి కాను. ముప్పై ఏళ్ళ కిందట జిల్లా లీగులో ఎడంచేతి స్పిన్ వేసినవాణ్ణి, అంతే. అయినా అడిగావు కాబట్టి చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

మా ఆటంతా మ్యాట్ మీదే. గట్టి నేల మీద నీళ్ళు చల్లి, రోలర్ లాగి, కొబ్బరిపీచు మ్యాట్ పరిచి చుట్టూ మేకులు కొట్టేవాళ్ళం. బిగించి కొడితే బంతి జారినట్టు దూసుకొచ్చేది. కాస్త వదులుగా ఉంచితే మ్యాట్‌ని పట్టుకుని తిరిగేది. ఓసారి పక్క ఊరి జట్టుతో ఆట. మాకు ముగ్గురు స్పిన్నర్లం ఉన్నామన్న ధీమాతో మా కెప్టెన్ పొద్దున్నే వెళ్ళి రెండు వైపులా మేకులు వదులు చేయించాడు. వాళ్ళలో స్పిన్నర్ అనేవాడే లేడు. ఉన్నది ఒక్క డ్రిల్లు మాస్టారు. పొట్ట ముందుకొచ్చిన మనిషి, నాలుగడుగులు నడిచొచ్చి చెయ్యి తిప్పేవాడు. ఆయన మాకు ఆరు వికెట్లు తీశాడు. ఆ ఆరుగురిలో నేనూ ఉన్నాను. ముందు బంతి జానెడు తిరిగింది కదా, ఇదీ తిరుగుతుందని బ్యాటు పక్కకి పెట్టాను. అది తిరగలా. నేరుగా వచ్చి ప్యాడ్‌కి తగిలింది. మాస్టారు అప్పీలు చెయ్యడం కూడా మర్చిపోయాడు, వెనక కీపర్ అరిస్తే అప్పుడు చెయ్యెత్తాడు.

నా జవాబు ఇదే. మిగతాదంతా దానికి వివరం.

అశ్విన్ లాంటివాడు ఏళ్ళ తరబడి నేర్చుకున్న విద్య చాలావరకు బంతి నేలను తాకేలోపు జరిగేది. గాలిలో కాస్త పక్కకి జారడం, బ్యాట్స్‌మన్ అనుకున్న చోటికి రాకుండా ముందే కిందికి పడిపోవడం, అదే చేతి ఊపులో వేగం మార్చడం. మామూలు పిచ్ మీద ఆ విద్య ఉన్నవాడికే వికెట్లు, లేనివాడికి చాకిరీ. మొదటి రోజే దుమ్ము లేచే పిచ్ మీద మాత్రం నేలను తాకాక ఏం జరుగుతుందో దానికే వికెట్లు. ఒకటి తిరుగుతుంది, ఒకటి తిరగదు. ఏది తిరుగుతుందో వేసినవాడికే తెలియనప్పుడు ఆడేవాడికేం తెలుస్తుంది? అక్కడ అశ్విన్‌కీ మా డ్రిల్లు మాస్టారుకీ ఉన్న దూరం తగ్గిపోతుంది. పూర్తిగా పోదు, తగ్గుతుంది. అంతే చాలు, ఐదు రోజుల ఆట మూడు రోజుల్లో అయిపోవడానికి.

నమ్మకం కుదరకపోతే 2016 ఇంగ్లండ్ సిరీస్ తీసి చూడు. ముంబైలో వాళ్ళు మొదటి ఇన్నింగ్స్‌లో 400 కొట్టారు, చెన్నైలో 477 కొట్టారు. రెండు చోట్లా ఇన్నింగ్స్ తేడాతో ఓడారు! ముంబైలో కోహ్లీ 235, చెన్నైలో కరుణ్ నాయర్ 303 నాటౌట్. పిచ్ మంచిది కాబట్టే మన బ్యాటింగ్ లోతు, మన స్పిన్నర్ల ఓపిక రెండూ పనికొచ్చాయి. చెన్నైలో ఐదో రోజు జడేజా 7 వికెట్లు తీసేటప్పటికి వాళ్ళ బుర్రలు అలిసిపోయి ఉన్నాయి. 18 సిరీస్‌లు ఊరికే రాలేదు.

ఇప్పుడు రెండోవైపు చూడు. 2017 పుణేలో మొదటి రోజు నుంచే తిరిగే పిచ్. ఆస్ట్రేలియా తరఫున ఓకీఫ్ రెండు ఇన్నింగ్స్‌ల్లోనూ 35 పరుగులకి 6 వికెట్లు తీశాడు. మనం 105, 107. ఆ తర్వాత ఓకీఫ్‌ని ఎవరైనా గుర్తుపెట్టుకున్నారా? 2012లో ఇంగ్లండ్‌తో ముంబై వాంఖడేలోనూ అంతే, పిచ్‌లు మొదటి నుంచీ తిరగాలని ధోనీ బాహాటంగానే అడిగాడు. తిరిగింది. వాళ్ళ స్పిన్నర్లు పనేసర్ 11, స్వాన్ 8 తీసి పది వికెట్ల తేడాతో గెలిపించారు. (వాళ్ళిద్దర్నీ డ్రిల్లు మాస్టారుతో పోలిస్తే కళ్ళుపోతాయి. స్వాన్ అసలు సిసలు స్పిన్నర్. కాకపోతే సూత్రం అదే.)

ఇక శాంట్నర్. నీ ప్రశ్నలో అసలు సంగతి ఇదే, ఇక్కడ నేను మీ రూమ్మేట్ పక్షం కాదు.

పుణే మొదటి రోజు వాషింగ్టన్ సుందర్ 59 పరుగులకి 7 తీశాడు. ఏడింట్లో ఐదు బౌల్డ్. అంటే ఏంటి? గొప్పగా తిప్పాలని చూడలేదు, వికెట్ల మీదికే వేశాడు. ఆ బౌల్డ్ అయినవాళ్ళలో చివరివాడు ఎవరో తెలుసా? శాంట్నరే, 33 కొట్టి అవుటయ్యాడు. మర్నాడు అతనూ అదే వేశాడు, వికెట్ల మీదికి. చూసి నేర్చుకున్నాడో ముందే అనుకున్నాడో అతనికే తెలియాలి. కానీ ఒకటి కలిపాడు: వేగం. టీ20ల్లో విసురుగా వేసే మనిషి ఇక్కడ గాలిలో బంతిని ఆపినట్టు నెమ్మదిగా వేశాడు, మధ్యమధ్యలో ఒకటి జోరుగా. చేతి తీరు మారదు.

కోహ్లీ అవుటైన బంతి మళ్ళీ చూడు. లో ఫుల్‌టాస్, అంటే నేలను తాకకుండా కిందుగా నేరుగా వచ్చిన బంతి. చిన్నపిల్లాడైనా కొట్టే బంతి అని అందరూ తిట్టారు. నిజమే, బంతి చెత్తదే. కోహ్లీ లెగ్ వైపు అడ్డంగా లాగబోయాడు, బ్యాటు ముందే వచ్చేసింది, బంతి కిందుగా వెళ్ళి వికెట్లకి తగిలింది. 1 పరుగు. నాకు కనిపించింది ఫుల్‌టాస్ కాదు, బ్యాటు ముందు రావడం. అంతకుముందు ఆడిన బంతుల వేగం వల్ల బుర్రలో ఒక లెక్క పడిపోయింది, ఈ బంతి ఆ లెక్కకి అందలేదు. శాంట్నర్‌కి మొదటి ఇన్నింగ్స్‌లో 53 పరుగులకి 7 వికెట్లు, రెండో ఇన్నింగ్స్‌లో 104కి 6. రెండోసారి పక్కటెముకల దగ్గర పట్టేసి నొప్పితోనే వేశాడు. తర్వాతి టెస్టుకి దిగలేకపోయాడు కూడా.

కాబట్టి నా తీర్పు: ఆటని సగం దగ్గరికి దింపింది మనం. మిగతా సగం వాళ్ళ చేత్తో తీసుకున్నారు.


కొత్తబంతి:

ఎడంచేతివాటం గారూ, కథ బాగుంది గానీ మీరు బెంగళూరు టెస్టుని మెల్లగా పక్కకి తోసేశారు. స్పిన్నర్లకి ఆ జబ్బు ఉంటుంది, ఆటంతా తమ చుట్టే తిరుగుతుందనుకుంటారు (తప్పుగా అనుకోకండి, నేను పాతకాలపు మీడియం పేసర్ని).

సిరీస్ మొదలైంది బెంగళూరులో. మొదటి రోజు మొత్తం వానకి పోయింది. రెండో రోజు ఆకాశం మబ్బు పట్టి ఉంది, పిచ్ కవర్ల కింద ఉండి ఉండి చెమ్మగా ఉంది. మనం టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకున్నాం! 46 ఆలౌట్. స్వదేశంలో మన టెస్టు చరిత్రలోనే అంతకన్నా తక్కువ లేదు. ఐదుగురు డకౌట్. వాళ్ళ పేసర్లు హెన్రీ 15 పరుగులకి 5 వికెట్లు, ఒరూర్క్ 22కి 4. స్పిన్నర్‌కి బంతి ఇచ్చే పనే పడలేదు. పిచ్‌ని తప్పుగా చదివానని రోహిత్ తర్వాత తనే ఒప్పుకున్నాడు, ఆ మాత్రం నిజాయితీకి మెచ్చుకోవాలి.

ఆ తర్వాత కూడా చూడండి. వాళ్ళు 233కి 7 మీద ఉన్నారు. అక్కడ ఆపేస్తే ఆట మిగిలేది. రచిన్ రవీంద్ర, సౌథీ కలిసి 137 జోడించారు. రచిన్ 134. వాళ్ళ నాన్నది బెంగళూరే, అది వేరే విషయం. అతను ఈ టూరుకి ముందు చెన్నైలో కూర్చుని ఎర్రమట్టి పిచ్ మీద, నల్లమట్టి పిచ్ మీద విడివిడిగా ప్రాక్టీసు చేసి వచ్చాడు. మనవాళ్ళెంతమంది చేశారు ఆ పని?

రెండో ఇన్నింగ్స్‌లో మనం బాగానే తిరగబడ్డాం. సర్ఫరాజ్ 150, పంత్ 99. స్కోరు 408 ఉన్నప్పుడు మూడే వికెట్లు పోయాయి. రెండో కొత్తబంతి చేతికొచ్చింది. చివరి ఏడు వికెట్లు 54 పరుగుల్లో ఫట్. 462. లక్ష్యం 107, ఎనిమిది వికెట్ల తేడాతో వాళ్ళు గెలిచారు. ఇందులో మేకులు ఎవరు వదులు చేశారు సార్?

నా అభిప్రాయం సూటిగా: మన పెద్ద బ్యాట్స్‌మెన్ ఆడలేకపోయారు, అంతే. సిరీస్ మొత్తంలో ఆరు ఇన్నింగ్స్‌లు కలిపి కోహ్లీ 93, రోహిత్ 91. అప్పటికి కోహ్లీ 2012 తర్వాత రంజీ (దేశవాళీ టోర్నీ) మొహం చూడలేదు. వాళ్ళవైపు విల్ యంగ్ విలియమ్సన్ స్థానంలో ఆడి సిరీస్‌కే ఉత్తమ ఆటగాడయ్యాడు. పిచ్ ఇద్దరికీ ఒకటే కదా? యంగ్‌కి తిరగని బంతి మనకే తిరిగిందా?


ఉప్పల్‌పిట్టగోడ:

అన్నా, నేను క్రికెట్ ఆడింది గల్లీలనే, గానీ ఒక ముచ్చట చెప్త. అదే సాల్ జనవరిల ఉప్పల్ల ఇంగ్లండ్ టెస్టు నాలుగో రోజు నేను ఆడనే ఉన్న. ఆదివారం, స్టేడియం నిండింది. మనకు మొదటి ఇన్నింగ్స్‌ల 190 లీడు. గెలుస్తమని పొద్దుగాల్నే ఫిక్స్ అయి పోయినం.

ఆ ఇంగ్లండ్ పోప్ ఉన్నడు చూడు, స్వీపు (మోకాలు వంచి అడ్డంగ ఊడ్చినట్టు కొట్టుడు), రివర్స్ స్వీపు, మళ్ళ స్వీపు. మా వెనక కూసున్న పెద్దమనిషి ఒకాయన ప్రతి రివర్స్ స్వీపుకు "ఈసారి దొరుకుతడు సూడు" అనుడు, వాడు ఇంకో ఫోరు కొట్టుడు. 110 మీద ఉన్నప్పుడే అక్షర్ క్యాచ్ వదిలేసిండు. 196 దాకా పోయిండు. మనం ఓడింది ఎన్నిటితోని? 28 పరుగులతోని. లెక్క మీరే ఏసుకోండ్రి.

ఇగ వాళ్ళ స్పిన్నర్ హార్ట్‌లీ. అదే వాని మొదటి టెస్టు. మొట్టమొదటి బంతికే జైస్వాల్ సిక్స్ కొట్టిండు, స్టేడియం అంతా నవ్వుడే నవ్వుడు. అదే పోరడు ఆఖరి ఇన్నింగ్స్‌ల ఏడు తీసిండు. జడేజాను స్టోక్స్ పడిపోకుంట పడిపోకుంట ఎనకచేత్తోని ఇసిరి రనౌట్ చేసిండు, మేమంతా ఒక్కపారి సల్లబడ్డం. 119కి 7. ఆడికెల్లి మన వైజాగ్ భరత్, అశ్విన్ కలిసి 57 జోడిస్తే మళ్ళ పానం లేసొచ్చింది. స్టేడియంల అందరూ నిలబడే ఉన్నరు. హార్ట్‌లీ భరత్‌ను బౌల్డ్ చేసిండు, ఒక్క సెకను సప్పుడు లేదు. తర్వాత అశ్విన్ స్టంపౌట్, సిరాజ్ స్టంపౌట్. అయిపాయె.

నేను చెప్పేదేందంటే, వాళ్ళు గెలిచింది స్వీపుతోని. న్యూజిలాండోళ్ళు గూడ గదే చేసిన్రు. పుణేల లేథమ్ 86 యాదికి తెచ్చుకోండ్రి.


లెగ్‌బై:

న్యూజిలాండ్‌తో మూడో టెస్టులో, ముంబైలో, మొదటి రోజు సాయంత్రం మనం 78కి 1 నుంచి 84కి 4 అయిన ఆ పది నిమిషాలు ఎవరూ ఎత్తరేం? జైస్వాల్ రివర్స్ స్వీప్ కొట్టబోయి బౌల్డ్. నైట్‌వాచ్‌మన్ అని సిరాజ్‌ని పంపితే మొదటి బంతికే ఎల్బీ, పోతూ పోతూ రివ్యూ కూడా పట్టుకుపోయాడు. ఆ సిరాజ్ ఎవర్ని కాపాడ్డానికి వచ్చాడో ఆ కోహ్లీ లేని పరుగుకి పరిగెత్తి హెన్రీ విసురుకి రనౌట్. కాపలాదారు పోయాడు, ఇంటాయనా పోయాడు.

పిచ్ మీద, స్వీప్ మీద థియరీలు చెప్పండి, కాదనను. రనౌట్‌కి పిచ్ ఏం చేసింది?


ఎడంచేతివాటం:

కొత్తబంతి గారూ, దొరికిపోయాను. బెంగళూరు మీ పేసర్లదే, ఒప్పుకుంటున్నా. ఒరూర్క్ ఎత్తు నుంచి బంతి లేపిన తీరు చూస్తే నాకే ముచ్చటేసింది.

కానీ మీరు అక్కడితో ఆగిపోయారు. బెంగళూరు తర్వాత మనం ఏం చేశామన్నదే నా గోల. రెండో ఇన్నింగ్స్‌లో 462 కొట్టిన జట్టు మనది. చెమ్మ ఆరాక ఆ పిచ్ మీద మన బ్యాటింగ్ బాగానే నిలబడింది. అంటే మంచి పిచ్ ఇస్తే మనం గెలిచే జట్టే అని అక్కడే తెలిసింది. కానీ 0-1 అయ్యేసరికి కంగారు పడ్డాం. వాషింగ్టన్ సుందర్‌ని అప్పటికప్పుడు జట్టులోకి పిలిచాం, పుణేలో తిరిగే పిచ్ మీద దిగాం. పేసర్ల చేతిలో దెబ్బ తిని, స్పిన్ వైపు మేకులు వదులు చేశాం! దానికి తోడు పుణేలోనూ ముంబైలోనూ టాస్ వాళ్ళది, ముందు బ్యాటింగూ వాళ్ళదే. అలాంటి పిచ్ మీద చివర్లో బ్యాటింగ్ ఎవరిదో వాళ్ళకి చావు.

"పిచ్ ఇద్దరికీ ఒకటే కదా" అన్నారు. ఒకటే, కానీ ఒకే సమయం కాదు. పుణేలో వాళ్ళు 259, మనం 156. ఆ 103 తేడా మామూలు పిచ్ మీద పెద్దదేం కాదు, అక్కడ మాత్రం కొండ. విల్ యంగ్ ముంబైలో 71 కొట్టింది మొదటి రోజు. అదే పిచ్ మీద మూడో రోజు మనకి కావలసింది 147. ఎంత? 147! 29కే ఐదుగురు పోయారు. గిల్ అవుటైంది గుర్తుందా? వాళ్ళ ఎడంచేతి స్పిన్నర్ ఎజాజ్ బంతి తిరిగి బయటికి పోతుందని బ్యాటు ఎత్తి వదిలేశాడు. తిరగలా. నేరుగా వచ్చి వికెట్ పడగొట్టింది. అది చూసి నేను సోఫాలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ "ఏమైంది?" అంటే "డ్రిల్లు మాస్టారు" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు.

ఎజాజ్‌ని తక్కువ చెయ్యడం లేదు. ముంబైలో పుట్టినవాడు, 2021లో అదే వాంఖడేలో ఒకే ఇన్నింగ్స్‌లో పదికి పది తీసినవాడు. ఈసారి 5, 6, మొత్తం పదకొండు. పంత్ 57 బంతుల్లో 64 కొట్టి భయపెట్టినప్పుడు కూడా లెంగ్త్ వదల్లేదు. పంత్ పోయాక ఇక మిగిలింది లాంఛనమే. 121 ఆలౌట్, 25 పరుగుల తేడా.

ఉప్పల్ తమ్ముడూ, స్వీపు మాట నూటికి నూరుపాళ్ళు కరెక్టు. ఏది తిరుగుతుందో తెలియనప్పుడు తిరిగేలోపే కొట్టెయ్యాలి, లేదా పూర్తిగా వెనక్కెళ్ళి తిరిగాక ఆడాలి. మధ్యలో నిలబడి బ్యాటు ముందుకి చాపితే అయిపోయినట్టే. పోప్, లేథమ్ మొదటిది ఎంచుకున్నారు. మనవాళ్ళు చాలామంది మధ్యలో నిలబడ్డారు. నేనూ మధ్యలోనే నిలబడ్డాను, మ్యాట్ మీద.

లెగ్‌బై గారికి: రనౌట్‌కి నా దగ్గర సూత్రం లేదు. కాపలాదారు మాటకి మాత్రం ఇంట్లో అందరం నవ్వుకున్నాం.


కొత్తబంతి:

సరే, సగం ఒప్పుకున్నాను. కంగారు పడ్డాం అన్న మాట నిజం. దక్షిణాఫ్రికాతో మొదటి టెస్టులో, కోల్‌కతాలో కూడా అదే కదా, నలుగురు స్పిన్నర్లతో దిగి 124 కొట్టలేక 93కి ఆలౌట్ అయ్యాం. వాళ్ళ స్పిన్నర్ హార్మర్ మ్యాచ్‌లో ఎనిమిది తీశాడు. మ్యాచ్ మొత్తంలో ఒకే ఒక్క అర్ధసెంచరీ, బవుమా 55 నాటౌట్. పైగా కోచ్ గంభీర్ మేం అడిగిన పిచ్ ఇదేనని చెప్పాడు. అడిగి మరీ తెచ్చుకున్న దెబ్బ!

కానీ రంజీ మాట మీరు దాటేశారు. దాని మీద నేను వెనక్కి తగ్గను. 2025 జనవరిలో కోహ్లీ చివరికి ఢిల్లీ తరఫున రంజీ ఆడితే 6 కొట్టి బౌల్డ్ అయ్యాడు. అదే ఏడాది మేలో రోహిత్, కోహ్లీ ఇద్దరూ టెస్టులు మానేశారు. పిచ్‌లు మార్చినంత తేలిగ్గా చేతులు మారవు.


నాన్‌స్ట్రైకర్:

అందరికీ థాంక్స్. డ్రిల్లు మాస్టారు కథ రూమ్మేట్‌కి చదివి వినిపించాను. విన్నాడు, కాసేపు ఆలోచించాడు, ఒక ప్రశ్న వేశాడు. సార్, దానికి నాకు జవాబు దొరకలేదు, మీరే చెప్పాలి.

అదే సిరీస్ రెండో టెస్టు, గువాహటి సంగతేంటి? అక్కడ మేకులు బిగించే ఉన్నాయి కదా? దక్షిణాఫ్రికా 489 కొట్టింది. ముత్తుసామి సెంచరీ, పేసర్ యాన్సెన్ 93. మీ లెక్క ప్రకారం అలాంటి పిచ్ మీద మనమే గెలవాలి, 2016లోలాగా. మనం 201, 140. యాన్సెన్ బౌన్సర్లు వేసి ఆరు తీశాడు, రెండో ఇన్నింగ్స్‌లో హార్మర్ ఆరు. 408 పరుగుల తేడా, పరుగుల లెక్కలో మన టెస్టు చరిత్రలోనే అన్నిటికన్నా పెద్ద ఓటమి. ఇదేంటి మరి?


ఎడంచేతివాటం:

మీ రూమ్మేట్‌ని లాయరు కమ్మని చెప్పు.

నిజం చెప్పాలంటే గువాహటి నా సూత్రానికి లొంగదు. అది బ్యాటింగ్ చేసుకోవాల్సిన పిచ్చే, వాళ్ళు చేసి చూపించారు కూడా. 2016లో ఇంగ్లండ్ 477 కొడితే మనం 759 కొట్టాం. ఇక్కడ 489కి 201. కొత్తబంతి గారు అంటున్నది అక్కడ బాగా కనిపిస్తుంది: గంటల తరబడి క్రీజులో నిలబడే అలవాటు పోయింది. మూడేళ్ళుగా మూడు రోజుల్లో ముగిసే పిచ్‌ల మీద ఆడితే ఆ అలవాటు ఎక్కణ్ణుంచి వస్తుంది అని నేను మళ్ళీ నా పాటే పాడొచ్చు. పాడను. యాన్సెన్ ఎత్తు, ఆ భుజాల ఎత్తులో వచ్చే బంతులు, వాటికి నా దగ్గర డ్రిల్లు మాస్టారు లేడు.

ఒక్కటి మాత్రం చెప్పు వాడికి. "వాళ్ళు గెలవలేదు, మనం ఓడాం" అన్న మాట న్యూజిలాండ్ విషయంలో ఇంకోసారి అంటే పుణే రెండో రోజు పొద్దుటి సెషన్ మొత్తం చూపించు. లంచ్‌కి మనం 107కి 7. శాంట్నర్ ఓవర్లు వరసగా చూడమను, ఆపకుండా. బ్యాట్స్‌మన్ వైపు కాదు, బంతి చేతిలోంచి వదిలాక గాలిలో ఎంతసేపు ఉందో చూడమను.


నాన్‌స్ట్రైకర్:

చూపించాను సార్. సెషన్ మొత్తం, ఇద్దరం, ఒకే ఫోన్లో. కోహ్లీ అవుటైన బంతి దగ్గర నాలుగుసార్లు వెనక్కి తిప్పాడు. "బ్యాటు నిజంగానే ముందొచ్చింది రా" అన్నాడు.

తర్వాత రెండు నిమిషాలు ఆగి, "అయినా టాస్ మనం గెలిచుంటేనా..." అని మొదలుపెట్టాడు. నేను లైటు ఆపేశాను.